పొగబెట్టిన చేపలో బ్యాక్టీరియా: బజారులో కొన్నది తినొచ్చా, పారేయాలా?

మీరు అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో రెండు వేర్వేరు చేపలున్నాయి. ఒకటి బజారులో బుట్టలో పరిచి అమ్మే పొగబెట్టిన చేప. దానిలో గ్రాముకు లక్షల్లో బ్యాక్టీరియా ఉంటుందని ఎక్కడో చదివి టెన్షన్ పడ్డారు. అమ్మే ఆవిడేమో "పొగ తగిలాక ఏ క్రిమీ బతకదు, నెలైనా బయటే పెట్టుకోవచ్చు" అంది. రెండోది మీ ఫ్రిజ్‌లో ఉన్న వాక్యూమ్ ప్యాకెట్ సాల్మన్, పల్చగా కోసిన ముక్కలు. ఇంట్లో ఏడో నెల గర్భంతో ఉన్న వదిన, షుగర్ ఉన్న మామగారు ఉన్నారు. పైగా వదిన పోయిన వారం ఆ ప్యాకెట్‌లోంచి కొంచెం తినేశారు.

చేప ఉత్పత్తులను పరీక్షించే మైక్రోబయాలజీ ల్యాబ్‌లో నేను చాలాకాలం పనిచేశాను. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. బుట్టలోని చేప లోపలి దాకా కట్టెలా ఎండి ఉంటే, దాన్ని బాగా ఉడికించి ఇంట్లో అందరూ తినొచ్చు. అదే చేప మెత్తగా, తడిగా ఉండి, ఐస్ లేకుండా బయట పెట్టి అమ్ముతుంటే, ఎంత కమ్మటి వాసన వస్తున్నా కొనకండి. ప్యాకెట్ సాల్మన్‌ను వదినగారికి, మామగారికి ఉడికించకుండా పెట్టొద్దు. ఆమె ఇప్పటికే తిన్నదాని సంగతి చివర్లో చెబుతాను, అంతగా భయపడాల్సింది లేదు.

అమ్మే ఆవిడ మిమ్మల్ని మోసం చేయాలని అలా అని ఉండదు. ఆమె మాట ఒకప్పటి చేపకు నిజమే. ఫ్రిజ్ లేని రోజుల్లో చేపకు బాగా ఉప్పు పట్టించి, రోజుల తరబడి పొగ మీద ఉంచి, గట్టిగా ఎండిపోయేదాకా వదిలేవాళ్లు కాదు. అలాంటి చేప నిజంగానే నెలల తరబడి నిలిచేది. కానీ దాన్ని నిలబెట్టింది ప్రధానంగా ఉప్పు, వేడి, నీరు ఇంకిపోవడం. పొగది చిన్న సాయం మాత్రమే. పొగలో ఫీనాల్స్, ఫార్మాల్డిహైడ్, కొన్ని ఆమ్లాలు ఉంటాయి, వాటికి బ్యాక్టీరియాను అణిచే గుణమూ ఉంది. కాకపోతే అవి చేప పైపొరలోనే పేరుకుంటాయి, లోపలి కండదాకా పోవు. ఇప్పుడు చాలాచోట్ల రుచి కోసం, రంగు కోసం కొద్ది గంటలే పొగ పెడుతున్నారు. ఉప్పు తగ్గింది, తడి మిగులుతోంది, బరువూ మిగులుతోంది (అమ్మేవాళ్లకు అదీ లాభమే). పేరు పాతదే కాబట్టి నమ్మకమూ పాతదే కొనసాగుతోంది. పొగబెట్టిన చేపతో వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే మొదలవుతాయని నా అభిప్రాయం.

కాబట్టి "పొగబెట్టారా?" అని అడిగితే ఉపయోగం లేదు. ఈ చేపలో బ్యాక్టీరియాను ఆపుతున్నది ఏమిటో తెలుసుకోవాలి. వేడా, ఉప్పా, ఎండిపోవడమా, చలా? వీటిలో ఒక్కటీ గట్టిగా లేకపోతే అది రంగు మారిన పచ్చి చేపే.

వేడి పొగ, చల్ల పొగ అని రెండు పద్ధతులున్నాయి. వేడి పొగలో చేప ఉడుకుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన ప్రకారం చేప మధ్యభాగం కనీసం 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరి అక్కడ 30 నిమిషాలు ఉండాలి. ఆ వేడికి సాల్మొనెల్లా, లిస్టీరియా, ఈ.కోలై లాంటివి చస్తాయి, స్పోర్లు (కొన్ని బ్యాక్టీరియా గట్టి కవచంతో నిద్రాణంగా ఉండే రూపం) మాత్రం చావవు. చల్ల పొగలో ఉష్ణోగ్రత సాధారణంగా 30 డిగ్రీలు దాటదు. మీ ప్యాకెట్‌లోని పల్చటి సాల్మన్ ముక్కలు దాదాపుగా ఈ రకమే. అవి చూడ్డానికి నున్నగా, కాస్త పారదర్శకంగా ఉంటాయి, వేలితో ఒత్తితే రేకులుగా విడిపోవు. అంటే అది ఉప్పు, పొగ పట్టిన పచ్చి మాంసం. దాన్ని కాపాడేది ప్రధానంగా ఫ్రిజే, కానీ ఫ్రిజ్‌ను కూడా లెక్కచేయని బ్యాక్టీరియా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఇక మీరు చదివిన లక్షల లెక్క. అది బహుశా మొత్తం బ్యాక్టీరియా లెక్క అయ్యుంటుంది, ల్యాబ్‌లో టోటల్ ప్లేట్ కౌంట్ అంటాం. అందులో చాలావరకు మనిషికి హాని చేయనివే. తాజా పచ్చి చేపలోనే గ్రాముకు లక్షల్లో ఉన్నా అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని ఒప్పుకుంటాయి. అలాగని ఆ అంకెను కొట్టిపారేయను. వేడి పొగలో సరిగ్గా ఉడికిన చేప పొయ్యి మీంచి దిగేటప్పుడు ఆ సంఖ్య బాగా పడిపోవాలి. బజారులో మళ్లీ లక్షల్లో కనిపించిందంటే రెండింట్లో ఒకటి జరిగింది: సరిగ్గా ఉడకలేదు, లేదా దించిన తర్వాత ఎక్కడో మళ్లీ అంటుకుని, పెరగడానికి తీరిక దొరికింది. నేను చూసినంతలో రెండోదే ఎక్కువ.

మొత్తం లెక్క కన్నా అసలు చూడాల్సింది ఏయే రకాలున్నాయన్నది. ఈ.కోలై కనిపిస్తే మలంతో కలుషితమైన నీళ్లో, చేతులో తగిలాయని అర్థం. స్టాఫిలోకాకస్ ఆరియస్ (క్లుప్తంగా స్టాఫ్) ఎక్కువగా ఉంటే మనిషి చేతుల నుంచి, ముక్కు నుంచి వచ్చిందని అర్థం. సాల్మొనెల్లా అయితే 25 గ్రాముల నమూనాలో అస్సలు ఉండకూడదు. వార్తల్లో ఈ తేడాలేవీ రాయరు, పెద్ద అంకె ఒకటి చూపించి వదిలేస్తారు.

పొయ్యి మీంచి దిగాక ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లు కళ్లతో చూడగలిగేది ఈ దశే. పొద్దున పచ్చి చేపలు మోసిన బుట్టలోనే సాయంత్రం పొగబెట్టినవి సర్దుతారు. పచ్చి చేప కోసిన కత్తితోనే వీటినీ ముక్కలు చేస్తారు. డబ్బు తీసుకున్న చేత్తోనే చేప తీసి పాత న్యూస్‌పేపర్‌లో చుడతారు. ఈగల సంగతి సరేసరి. నిగనిగలాడాలని నీళ్లు చిలకరించేవాళ్లూ, నూనె రాసేవాళ్లూ ఉన్నారు. ఎండిన చేప మీద చల్లిన ఆ నీళ్లు అంతసేపు చేసిన కష్టాన్నంతా పాడుచేస్తాయి.

వేడికి మామూలు బ్యాక్టీరియా అంతా చచ్చిపోవడంలోనూ ఒక చిక్కుంది. పచ్చి చేప మీద స్టాఫ్ తగిలినా, అక్కడ ముందునుంచీ ఉన్న రకాలతో పోటీపడలేక పెద్దగా పెరగదు. ఉడికిన చేప మీద పోటీ లేదు. పైగా స్టాఫ్ ఉప్పును బాగా తట్టుకుంటుంది, మిగతావాటికి చాలని తడి దీనికి సరిపోతుంది. గది వేడిలో గంటల తరబడి పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం మరిగించినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి. "ఎలాగూ కూరలో ఉడుకుతుంది కదా" అనే ధైర్యం ఇక్కడ పనిచేయదు.

ఇదంతా బుట్టలో అమ్మేవాళ్ల తప్పే అనుకోకండి. 2012లో ఫ్యాక్టరీలో తయారైన పొగబెట్టిన సాల్మన్ తిని నెదర్లాండ్స్‌లో వెయ్యి మందికి పైగా సాల్మొనెల్లాతో జబ్బు పడ్డారు. కారణం వెతికితే చేపను ఉంచే ట్రేలు దొరికాయి. మళ్లీమళ్లీ వాడే ఆ ట్రేలకు సన్నటి రంధ్రాలుండటంతో, ఎంత కడిగినా బ్యాక్టీరియా వాటిలో దాగి ఉండిపోయింది. అద్దాల షాపులో మెరిసే ప్యాకెట్ చూసి నిశ్చింతగా ఉండేవాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది.

మీ ఇంటికి సంబంధించినంత వరకు ముఖ్యమైనది లిస్టీరియా మోనోసైటోజీనస్. ఫ్రిజ్‌ను లెక్కచేయనిది ఇదే. 4 డిగ్రీల్లో కూడా మెల్లగా పెరుగుతుంది, ఉప్పును తట్టుకుంటుంది, గాలి లేని ప్యాకెట్‌లోనూ బతుకుతుంది. ఫ్యాక్టరీల్లో ముక్కలు కోసే యంత్రాల సందుల్లో, నేలమీది డ్రైనేజీల్లో జిగురుపొరలా అతుక్కుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చల్ల పొగ చేపలో దాన్ని చంపే దశ అంటూ ఏదీ లేదు. అందుకే ఈ విషయంలో దేశానికో నియమం కనిపిస్తుంది. అమెరికా నేరుగా తినే చేపలో అది అసలు ఉండకూడదంటుంది. యూరప్‌లో, గడువు తేదీ దాకా గ్రాముకు వంద దాటదని తయారీదారు రుజువు చేయగలిగితే ఒప్పుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కొద్దిపాటి లిస్టీరియా వల్ల సాధారణంగా ఏమీ కాదు. గర్భిణికి మాత్రం మామూలు జ్వరంలా వచ్చిపోయి, కడుపులోని బిడ్డకు ప్రాణాపాయం తేవచ్చు. వయసు మళ్లినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకవచ్చు. ఫ్రిజ్‌లో ఉంచి అమ్మే పొగబెట్టిన చేపను గర్భిణులు ఉడికించకుండా తినొద్దని అమెరికా, బ్రిటన్ ఆరోగ్య సంస్థలు రెండూ చెబుతున్నాయి. దీనికి మందు తేలికే: ముక్క మధ్యలో 70 డిగ్రీల వేడి రెండు నిమిషాలు ఉంటే లిస్టీరియా చస్తుంది. పొగలు కక్కేలా వేడిచేసి పెడితే చాలు. సాల్మన్ రుచి మారిపోతుంది, నిజమే, కానీ ఇంకో రెండు నెలలే కదా.

వాక్యూమ్ ప్యాకెట్ విషయంలో మరొకటి ఉంది, చాలా అరుదు, కానీ అన్నింటికన్నా ప్రమాదకరం. క్లోస్ట్రీడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా. 1963లో అమెరికాలో గ్రేట్ లేక్స్ ప్రాంతపు పొగబెట్టిన వైట్‌ఫిష్ తిని మనుషులు చనిపోయారు. అవి వాక్యూమ్ ప్యాకెట్లు, దారిలో చలి సరిగ్గా అందలేదు. ఈ జాతి స్పోర్లు వేడి పొగను తట్టుకుంటాయి, గాలి లేనిచోట మొలకెత్తుతాయి. దీనిలో చేపల్లో ఎక్కువగా కనిపించే 'టైప్ E' అనే రకం 3.3 డిగ్రీల దగ్గర కూడా పెరగగలదు. చేపకు చెడు వాసన రాకుండానే విషం తయారైపోవచ్చు. ఆ తర్వాతే ఉప్పు మీద కచ్చితమైన నియమాలు వచ్చాయి. ఇప్పుడు అమెరికాలో ఇలాంటి ప్యాకెట్ చేప కండలోని నీటిలో కనీసం 3.5 శాతం ఉప్పు ఉండేలా చూస్తారు. అందుకే ఎవరైనా "ఉప్పు తక్కువ, ఇంట్లోనే పొగబెట్టాం, వాక్యూమ్ చేశాం, బయట పెట్టినా ఏం కాదు" అని అమ్మితే నేనైతే ముట్టుకోను. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకెట్‌ను కరిగించేముందు ఒక మూల కత్తిరించి గాలి తగలనివ్వండి, ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి. తిన్న తర్వాత చూపు రెండుగా కనిపించినా, కనురెప్పలు వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

బ్యాక్టీరియా చచ్చినా వదలని ఇంకోటి హిస్టమైన్ అనే రసాయనం. ట్యూనా, కానాగంతలు, కవళ్లు లాంటి చేపలను పట్టాక వెంటనే ఐస్‌లో పెట్టకపోతే బ్యాక్టీరియా వాటి కండలో హిస్టమైన్ తయారుచేస్తుంది. తర్వాత పొగబెట్టినా, ఎండబెట్టినా, వేయించినా అది పోదు. తిన్న కొద్దిసేపట్లోనే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. "నాకు చేప పడదు" అనుకునేవాళ్లలో కొందరికి జరిగింది నిజానికి ఇదే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ సంస్థ ప్రమాణం కిలోకు 200 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది, ఇంట్లో దాన్ని కొలిచే దారి లేదు. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ఆ ముక్క ఉమ్మేయండి. చేప పాడవబోతుంటే పొగబెట్టేసి అమ్మే అలవాటు ఉన్నచోట ఈ బాధ ఎక్కువ, కాబట్టి అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి మాట "పట్టిన రోజే పొగబెట్టారా?" అని.

బజారులో నేనేం చూస్తానంటే, ముందు చేపను విరిచి చూపించమంటాను. పైన గట్టిగా ఉండి లోపల వెన్నెముక పక్కన తడిగా ఉంటే అది ఎండిన చేప కాదు. పెద్ద, లావు చేపల్లో ఇది మామూలే, పైపొర త్వరగా ఎండి లోపలి తడిని బయటికి రానివ్వదు. పల్చటి చేప, లేదా మధ్యకు చీల్చి పొగబెట్టిన చేప నయం. పొట్ట శుభ్రం చేయకుండా పొగబెట్టినదైతే వద్దంటాను. కోడెక్స్ లెక్కలో పొగబెట్టి ఎండబెట్టిన చేప అనాలంటే వాటర్ యాక్టివిటీ (బ్యాక్టీరియా వాడుకోగలిగే తడి ఎంతుందో చెప్పే కొలత, ఉత్త నీటికి 1) 0.75 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, అంటే తేమ దాదాపు 10 శాతంలోపు. స్టాఫ్ కూడా 0.85 కింద విషం చేయలేదు. చేత్తో చెప్పాలంటే, వంచితే వంగకుండా టక్కున విరగాలి. బూజు మచ్చ ఉంటే గీకేసి ఇస్తామంటారు, ఒప్పుకోవద్దు. సన్నటి రంధ్రాలు, పొడి రాలడం ఉంటే పురుగు పట్టిందన్నమాట. ఆ పురుగుకు భయపడి కొందరు ఇళ్లలో వాడే పురుగుమందు కొడతారు, అది బ్యాక్టీరియా కన్నా ఘోరం. మందు వాసనేదైనా వస్తే నడిచి వెళ్లిపోండి. నల్లగా మాడినట్టున్న చేప ఎక్కువ భద్రం అనుకోవడమూ పొరపాటే. పొగలోని మసితో బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు పేరుకుంటాయి, అది వేరే చర్చ.

అమ్ముడుపోని చేపను ఆ రాత్రికి మళ్లీ పొగ మీద పెట్టేవాళ్లు కనిపిస్తే నాకు వాళ్లమీద గౌరవం. అప్పటికే తయారైన విషం దాంతో పోదు గానీ, చేరిన తడి పోతుంది, కొత్తగా అంటుకున్నవి చాలావరకు చస్తాయి. పచ్చి చేపల బల్లకు దూరంగా, జాలీ కింద, పటకారుతో తీసి ఇచ్చేవాళ్లు దొరికితే వాళ్ల దగ్గరే కొనండి, రూపాయి ఎక్కువైనా సరే.

ఇంటికొచ్చాక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బాగా ఎండిన చేపను పొద్దున్నే నీళ్లలో నానబెట్టి, వంటింటి గట్టు మీదే వదిలేసి, సాయంత్రం వండుతారు. నీళ్లు పీల్చుకున్న క్షణం నుంచి అది ఎండు చేప కాదు, పచ్చి చేపతో సమానం. దానిమీద నిద్రపోతున్న బ్యాక్టీరియా, స్పోర్లు లేచి కూర్చుంటాయి. వండబోయే ముందు వేడినీళ్లలో కాసేపు నానబెట్టండి, ఎక్కువసేపు కావాలంటే గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండినవి గాలి చొరబడని డబ్బాలో, వానాకాలమైతే ఫ్రీజర్‌లో ఉంచుకోవచ్చు. మెత్తటి రకం 4 డిగ్రీలలోపు పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయండి. వండిన కూరను బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు.

మీ ప్యాకెట్ సంగతికి వస్తే, తెరవకుండా, గడువు తేదీ దాటకుండా, మొదటినుంచీ ఫ్రిజ్‌లోనే ఉండి ఉంటే మీరు తినొచ్చేది. కానీ ఇప్పటికే తెరిచి వారమైంది కాబట్టి నేనైతే పారేస్తాను, ఉడికించి కూడా పెట్టను. వదినగారి విషయం: పొగబెట్టిన సాల్మన్ తిన్న గర్భిణుల్లో అత్యధికులకు ఏమీ కాదు. ఇప్పుడు జ్వరం, ఒళ్లునొప్పులు లేకపోతే పరీక్షలు చేయించాల్సిన అవసరం లేదు, ముందుజాగ్రత్తగా మందులూ వేసుకోకూడదు. కానీ లిస్టీరియా లక్షణాలు తిన్న పదివారాల దాకా కూడా బయటపడొచ్చు కాబట్టి, ఆ తేదీ ఒక కాగితం మీద రాసి ఉంచండి. మధ్యలో జ్వరం, చలి, విపరీతమైన నీరసం, లేదా బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే, "మామూలు జ్వరమేలే" అని ఇంట్లో మాత్ర వేసుకోకుండా డాక్టర్‌గారి దగ్గరికి వెళ్లి, పొగబెట్టిన చేప తిన్న సంగతి మీరే ముందుగా చెప్పండి. ఆ మాట చెబితేనే వాళ్లు రక్తం కల్చర్ పరీక్ష (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) రాస్తారు. లిస్టీరియా అని తేలితే ఆంపిసిలిన్ లాంటి యాంటీబయాటిక్‌తో వైద్యం ఉంది, త్వరగా మొదలుపెడితే తల్లికీ బిడ్డకీ బాగా పనిచేస్తుంది.